మెదడు కణితికి నానో ఇంజెక్షన్ అంటున్నారు, నమ్మి పొలం అమ్మొచ్చా?

తెనాలి_తమ్ముడు • సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మా అన్నయ్యకి 46 ఏళ్లు. మూడు నెలల కిందట విపరీతమైన తలనొప్పి, ఎడమ చెయ్యి పట్టు తప్పడం మొదలైంది. స్కానింగ్ చేయిస్తే మెదడులో కుడివైపు కణితి ఉందన్నారు. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయ్యింది. బయాప్సీలో గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4 అని వచ్చింది. ఇప్పుడు రేడియేషన్ నడుస్తోంది, ఇవాళ్టికి 11 అయ్యాయి. దాంతోపాటు రోజూ టెమోజోలమైడ్ కాప్సూల్ వేస్తున్నాం.

పోయిన వారం మా బంధువు ఒకాయన వేరే రాష్ట్రంలో ఉన్న ఒక క్లినిక్ గురించి చెప్పారు. నానో పాలిమర్ ఇంజెక్షన్ అట. మామూలు కీమో మెదడులోకి వెళ్లదనీ, ఇది నేరుగా కణితిలోకే వెళ్తుందనీ అంటున్నారు. మొత్తం 6 ఇంజెక్షన్లు, ఒక్కోటి లక్షన్నర. మా ఇద్దరికీ కలిపి ఎకరంన్నర పొలం ఉంది. వదిన అమ్మేద్దాం అంటోంది. బేరం కూడా వచ్చింది, శుక్రవారం లోపు మాట చెప్పాలి.

నేను బీకాం చదివాను, సైన్సు తెలియదు. నెట్‌లో చూస్తే నానో మందుల మీద వందల వార్తలు ఉన్నాయి. ఎలుకల్లో కణితి మాయమైందని కూడా ఉంది. అంతా అబద్ధం అనుకోలేకపోతున్నాను, నమ్మాలన్నా ధైర్యం చాలడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి, పుణ్యముంటుంది.

వార్డు_అక్క • సోమవారం, రాత్రి 11:05

తమ్ముడూ, ముందు అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు. నేను న్యూరో వార్డులో 19 ఏళ్లుగా నర్సుని. వాళ్లిచ్చిన కాగితంలో మందు పేరు ఏం రాశారో చూసి చెప్పు. నానో అనేది మందు పేరు కాదు. రేడియేషన్ ఒక్క రోజు కూడా మానొద్దు, ఆ క్లినిక్‌కి వెళ్లి చూసొద్దామని కూడా మానొద్దు.

తెనాలి_తమ్ముడు • సోమవారం, రాత్రి 11:20

అక్కా, రెండు పేజీల పాంప్లెట్ ఉంది. "అధునాతన నానో పాలిమర్ థెరపీ" అని ఉంది, మెదడు బొమ్మ ఉంది. మందు పేరు ఎక్కడా లేదు. ఫోన్ చేసి అడిగితే డాక్టర్ గారు నేరుగా వివరిస్తారు, ముందు 25 వేలు కట్టి బుక్ చేసుకోండి అన్నారు.

గాజు_బీకరు • మంగళవారం, ఉదయం 6:15

నేను హైదరాబాద్‌లో ఫార్మసీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పని సరిగ్గా ఇదే, పాలిమర్ నానో రేణువుల్లో మందు నింపడం. అందుకే రాత్రి చదివాక నిద్ర పట్టలేదు. కాస్త వివరంగా చెప్తాను, ఓపికగా చదవండి.

మామూలు కీమో మెదడులోకి వెళ్లదని వాళ్లు చెప్పిన మాటలో సగం నిజం ఉంది. 1885లో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కిస్తే ఒళ్లంతా రంగు పట్టింది కానీ మెదడుకి మాత్రం పట్టలేదు. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ ట్రిపాన్ బ్లూ అనే రంగుని వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడుకి పట్టింది, మిగతా ఒంటికి పట్టలేదు. రక్తానికీ మెదడుకీ మధ్య ఒక అడ్డు ఉందని అలా తెలిసింది. అదే బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్.

ఇదేదో తల చుట్టూ కట్టిన ఒక్క గోడ కాదు. మెదడులో ఉన్న సన్నని రక్తనాళాలన్నీ వరసగా పరిస్తే దాదాపు 600 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి విశాఖకి రోడ్డు ఎంతో ఇంచుమించు అంత. ఆ పొడవునా నాళం లోపలి గోడలో కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. మిగతా శరీరంలో అలా ఉండవు. పైగా ఆ కణాల్లో పంపులు ఉంటాయి. సందు చేసుకుని లోపలికి వచ్చిన మందుని కూడా అవి తిరిగి రక్తంలోకి తోసేస్తాయి. డాక్సోరుబిసిన్, పాక్లిటాక్సెల్ లాంటి బలమైన మందులు మెదడు కణితి దగ్గర ఓడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. మీ అన్నయ్య వేసుకుంటున్న టెమోజోలమైడ్ మాత్రం చాలా చిన్న అణువు. అది ఆ అడ్డు దాటుతుంది, అందుకే దాన్ని ఇస్తున్నారు. కాబట్టి "మామూలు కీమో వెళ్లదు" అన్న మాట మీ అన్నయ్య మందుకి వర్తించదు.

ఇక నానో క్యారియర్ అంటే మందుని మోసే బండి. పాలిమర్ అంటే చిన్న అణువులు గొలుసులా కలిసిన పదార్థం, మేం ఎక్కువగా వాడేది పీఎల్‌జీఏ అనే రకం. ఆపరేషన్ తర్వాత కుట్లు వేసే, తనంతట తానే కరిగిపోయే దారం ఉంటుంది చూడండి, ఆ కుటుంబమే. ఒంట్లో అది నీరు తగిలి విడిపోయి లాక్టిక్ యాసిడ్, గ్లైకోలిక్ యాసిడ్‌గా మారుతుంది, వాటిని శరీరం తేలిగ్గా వదిలించుకుంటుంది. దాంతో 100 నానోమీటర్ల బంతులు చేస్తాం. తలవెంట్రుక మందంలో 800వ వంతు అనుకోండి.

బండి ఎంత బాగున్నా అందులో సరుకు ఉండాలి. ఏ మందు, ఎంత మోతాదు, ఏ పాలిమర్ అని చెప్పని నానో థెరపీ వైద్యం కాదు. వార్డు_అక్క గారు అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న.

కెమిస్ట్రీ_మాస్టారు • మంగళవారం, ఉదయం 8:30

చాలా బాగా చెప్పావమ్మా. ఒక సందేహం. 100 నానోమీటర్ల బంతి, ఒక్క మందు అణువు కన్నా ఎన్నో రెట్లు పెద్దది కదా. చిన్న అణువే దాటలేని చోట ఇంత పెద్దది ఎలా దాటుతుంది?

గాజు_బీకరు • మంగళవారం, మధ్యాహ్నం 1:10

మాస్టారూ, నన్ను ఈ రంగంలోకి లాగింది సరిగ్గా ఈ ప్రశ్నే. సందులోంచి దూరడం బంతికి కుదరదు. కణమే దాన్ని లోపలికి తీసుకుని అవతలి వైపు వదలాలి. మెదడుకి కొవ్వు, ఇనుము, ఇన్సులిన్ కావాలి కాబట్టి వాటిని పట్టి లోపలికి తీసుకునే రిసెప్టర్లు నాళం గోడ మీద ఉంటాయి. మన బంతి ఆ సరుకులా కనిపించాలి.

దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో యోర్గ్ క్రాయ్టర్ బృందం చేసిన పని. ఫెవిక్విక్ కుటుంబానికి చెందిన సయనోయాక్రిలేట్ పాలిమర్‌తో వాళ్లు రేణువులు చేశారు. వాటిపైన పాలీసార్బేట్ 80 పూత వేశారు, ఐస్‌క్రీముల్లో వాడే పదార్థమే అది. లోపల డలార్జిన్ అనే నొప్పి తగ్గించే పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్క, పెట్టారు. మామూలుగా రక్తంలోకి ఎక్కిస్తే డలార్జిన్ మెదడుకి చేరదు. 1995లో ఈ రేణువులతో ఇస్తే ఎలుకల్లో నొప్పి తగ్గింది. ఎందుకంటే ఆ పూత మీద రక్తంలో కొవ్వుని మోసే అపోలిపోప్రోటీన్-ఈ అనే ప్రోటీన్ వచ్చి అంటుకుంటుంది. దాంతో నాళం గోడ దాన్ని కొవ్వు మోసుకొచ్చే రేణువనుకుని లోపలికి రానిస్తుంది.

2004లో అదే పద్ధతిలో డాక్సోరుబిసిన్ నింపి, మెదడు కణితి పెట్టిన ఎలుకలకి ఇచ్చారు. 20 శాతానికి పైగా ఎలుకలు చాలాకాలం కణితి లేకుండా బతికాయి. తమ్ముడు గారు నెట్‌లో చూసిన వార్తలు ఇలాంటివే అయ్యుంటాయి. అవి అబద్ధం కాదు. కానీ ఇరవై ఏళ్లు దాటినా ఆ మందు ఆసుపత్రుల్లోకి రాలేదు.

బాల్టిమోర్_బాబాయి • మంగళవారం, రాత్రి 9:48

గాజు_బీకరు గారూ, మీరు చెప్పిందంతా సరే, కానీ చదివితే పాలిమర్ మందులు ఎలుకల దగ్గరే ఆగిపోయాయన్నట్టుంది. ఒకటి మనుషుల దాకా వచ్చింది, దాని గురించి చెప్పకపోతే కథ పూర్తి కాదు. నేను పాలిమర్ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను.

దాని పేరు గ్లయాడెల్. ఎంఐటీలో రాబర్ట్ లాంగర్, మా ఊళ్లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో న్యూరోసర్జన్ హెన్రీ బ్రెమ్ కలిసి తెచ్చారు. నానో కాదు, చిన్న బిళ్ల. మన రూపాయి నాణెం కన్నా చిన్నది, మందం ఒక మిల్లీమీటరు. అందులో కార్ముస్టిన్ అనే కీమో మందు 7.7 మిల్లీగ్రాములు. సర్జన్ కణితి తీసేశాక ఆ ఖాళీ గోడల మీద 8 బిళ్లల వరకు పరిచి తల మూసేస్తాడు. రక్తనాళాల అడ్డు దాటాల్సిన పనే లేదు, ఎందుకంటే మందు ముందే లోపల ఉంది.

అందులోని పాలిమర్ పాలీఅన్‌హైడ్రైడ్. పీఎల్‌జీఏ లాంటి పాలిమర్లు నీళ్లు పీల్చుకుని లోపలి నుంచి చితికిపోతే, ఇది సబ్బు అరిగినట్టు పైనుంచి పొరలు పొరలుగా అరుగుతుంది. కార్ముస్టిన్ రక్తంలో నిమిషాల్లో పాడైపోయే మందు. ఈ పాలిమర్ లోపల నీరు తగలకుండా దాగి, రెండు మూడు వారాలపాటు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. పాలిమర్ చదివినవాడిగా చెప్తున్నాను, ఇంత అందమైన ఆలోచన నేను చాలా తక్కువ చూశాను.

అమెరికా ఎఫ్‌డీఏ 1996లో తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమాకి అనుమతి ఇచ్చింది, 2003లో కొత్తగా బయటపడిన కేసులకి కూడా. కణితి తిరగబెట్టిన 222 మంది మీద చేసిన ట్రయల్‌లో మందు లేని బిళ్ల పెట్టినవాళ్లు మధ్యస్థంగా 23 వారాలు బతికితే, మందున్న బిళ్ల పెట్టినవాళ్లు 31 వారాలు బతికారు. కొత్త కేసుల ట్రయల్‌లో 11.6 నెలలకి 13.9 నెలలు.

విశాఖ_న్యూరో • బుధవారం, ఉదయం 5:50

న్యూరోసర్జన్‌ని. బాబాయి గారు చెప్పిన అంకెలు సరైనవే. ఆ రెండు నెలల దగ్గరే మా పాఠం ఉంది కాబట్టి చెప్తున్నాను.

బిళ్ల నుంచి మందు మెదడు కణజాలంలో కొద్ది మిల్లీమీటర్ల దూరమే పాకుతుంది. గ్లయోబ్లాస్టోమా అలా ఉండదు. మేం ఎంఆర్ఐలో తెల్లగా మెరిసిన ముద్దనంతా తీసేసినా, దాని వేళ్లు చుట్టూ మంచి మెదడులోకి పోయి ఉంటాయి. గరిక తెలుసుగా, పైది పీకినా కింద వేరు ఎంత దూరం పాకిందో కనపడదు. తిరగబెట్టే కణితి ఎక్కువ మందిలో మేం తీసిన చోటి అంచు నుంచి రెండు సెంటీమీటర్ల లోపే వస్తుంది. మిల్లీమీటర్లకీ ఆ సెంటీమీటర్లకీ మధ్య తేడా వల్లే పేషెంట్లు పోతున్నారు. పైగా బిళ్లలతో మెదడు వాపు, గాయం సరిగా మానకపోవడం, ఇన్‌ఫెక్షన్, మెదడు ద్రవం కారడం, ఫిట్స్ లాంటి ఇబ్బందులు ఉన్నాయి. అందుకే అనుమతి ఉన్నా చాలామంది సర్జన్లు అంతగా వాడరు.

ఇంకో విషయం. కణితి మధ్యలో రక్తనాళాలు వంకరటింకరగా, కారుతూ ఉంటాయి, అక్కడికి మందు కొంత చేరుతుంది. ఆ భాగాన్ని ఎలాగూ మేం కోసి తీసేస్తాం. మిగిలిపోయిన కణాలు ఉండేది అంచుల్లో, అక్కడ అడ్డు చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది. "కణితిలోకి నేరుగా వెళ్తుంది" అని ఎవరైనా చెప్తే, అంచుల సంగతేమిటని అడగండి.

ఫార్మ్‌డీ_మూడోఏడు • బుధవారం, ఉదయం 11:30

సార్, నేను ఫార్మ్‌డీ మూడో ఏడు. కణితి నాళాలు కారుతాయి కాబట్టి నానో రేణువులు అక్కడ పోగవుతాయని మాకు చెప్పారు, ఈపీఆర్ ఎఫెక్ట్ అని. అది తప్పా? అలాగైతే ఈ రంగంలోకి వెళ్లడం దండగా? నిజంగా టెన్షన్‌గా ఉంది, ప్రాజెక్టు టాపిక్ ఇదే పెట్టుకున్నాను.

గాజు_బీకరు • బుధవారం, సాయంత్రం 7:25

తప్పు కాదు తమ్ముడూ. 1986లో జపాన్‌లో మత్సుమురా, మాయెదా అది చూపించారు. కానీ ఆ ఒక్కదాన్నే నమ్ముకుని చాలా ఏళ్లు నడిచాం. 2016లో టొరంటో బృందం అంతకుముందు పదేళ్లలో జంతువుల మీద వచ్చిన ఫలితాలన్నీ లెక్క తీసింది. ఇంజెక్ట్ చేసిన నానో రేణువుల్లో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. అన్ని రకాల కణితులకీ కలిపిన లెక్క ఇది, మెదడుకి ప్రత్యేకం కాదు. మిగిలిన వాటిలో చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి.

ఆ పేపర్ మొదటిసారి చదివినప్పుడు నాకూ నీలాగే అనిపించింది. రెండు రోజులు ల్యాబ్‌కి వెళ్లలేదు. తర్వాత అర్థమైంది. అది రంగాన్ని మూసేయలేదు, మన బండి ఎక్కడెక్కడ ఆగుతోందో చూపించింది. రక్తంలో దిగగానే రేణువుకి ప్రోటీన్లు అంటుకుంటాయి, అక్కడ దాని వేషం మారిపోతుంది. కాలేయం పట్టేస్తుంది. నాళం గోడ దగ్గర ఆగుతుంది. దాటినా మెదడు కణజాలంలో జిగురులో చిక్కుకున్నట్టు చిక్కుకుంటుంది. దాన్నీ దాటి కణంలోకి పోవాలి, అక్కడ మందు వదలాలి. ఒక్కోచోట ఒక్కో పని ఉంది.

ఆ జిగురు సంగతే చూడు. మెదడు కణాల మధ్య ఖాళీల్లో 64 నానోమీటర్ల కన్నా పెద్దవి కదల్లేవని అనుకునేవాళ్లు. 2012లో జాన్స్ హాప్‌కిన్స్‌లో ఎలిజబెత్ నాన్స్, జస్టిన్ హేన్స్ వాళ్లు రేణువు మీద పీఈజీ అనే పాలిమర్ గొలుసులని బాగా ఒత్తుగా నాటారు, నారుమడిలో నారు ఉన్నంత ఒత్తుగా. అప్పుడు 114 నానోమీటర్ల రేణువులు కూడా దేనికీ అంటుకోకుండా పాకాయి. రేణువు సైజు మారలేదు, పూత మాత్రమే ఒత్తుగా అయ్యింది. నీ ప్రాజెక్టు వదలొద్దు. ఏ ఆగే చోటు మీద పనిచేస్తావో స్పష్టంగా ఎంచుకో.

భీమవరం_పెద్దాయన • బుధవారం, రాత్రి 8:40

మా ఊరి పేరు ఇక్కడ చెప్పుకోవాలనిపించింది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో చేసిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. మా మనవరాలికి లుకేమియా వచ్చినప్పుడు ఆ మందుని వెన్నులో సూది ద్వారా ఇచ్చారు. ఎందుకమ్మా అంత కష్టం, రక్తంలో ఇవ్వొచ్చుగా అని అడిగితే, మామూలు మోతాదులో ఇస్తే మెదడుకి సరిపడా చేరదు తాతగారూ అన్నారు. ఆ మాట ఇవాళ పూర్తిగా అర్థమైంది. పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

అమ్మ_జ్ఞాపకం • బుధవారం, రాత్రి 11:55

రాయాలా వద్దా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. మా అమ్మకి ఇదే జబ్బు. 17 నెలలు మాతో ఉంది.

చివరి నాలుగు నెలల్లో మేం కూడా నానో అన్న మాట నమ్మి ఒకచోటికి తీసుకెళ్లాం. పేరు చెప్పను. రైల్లో వెళ్లడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు, అలా నాలుగు సార్లు. ఇచ్చింది ఏమిటో ఇప్పటికీ తెలియదు, బిల్లు మీద "ఇన్‌ఫ్యూజన్" అని మాత్రమే ఉంది. డబ్బు పోతే పోయింది. ఆ పదహారు రోజులు అమ్మ తన ఇంట్లో, తన మంచం మీద, మనవళ్లతో ఉండాల్సింది. అవి తిరిగి రావు.

మాకు నిజంగా ఉపయోగపడినవి చాలా చిన్నవి. మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ ఇస్తున్నప్పుడు షుగర్ చూస్తూ ఉండటం, ఆ మాత్ర పొద్దున పూట వేస్తే రాత్రి నిద్ర పట్టడం, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కమ్మీ బిగించడం. ఇంకొకటి, బయాప్సీ ముక్క మీద ఎంజీఎంటీ పరీక్ష చేశారేమో అడగండి.

బాల్టిమోర్_బాబాయి • గురువారం, ఉదయం 7:15

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఎలా ఓదార్చాలో తెలియడం లేదు. రాసినందుకు దండం.

తమ్ముడూ, ఆశ అంటూ చెప్పాలంటే కొత్తగా జరుగుతున్నది ఒకటుంది. షికాగోలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ సర్జన్లు పుర్రెలో చిన్న అల్ట్రాసౌండ్ పరికరం అమర్చారు. రక్తంలోకి సూక్ష్మ బుడగలు ఎక్కించి అల్ట్రాసౌండ్ ఇస్తే ఆ బుడగలు ఊగి, నాళాల అడ్డు కాసేపు తెరుచుకుంటుంది. అప్పుడు ఆల్బుమిన్ ప్రోటీన్‌తో కట్టిన పాక్లిటాక్సెల్ నానో రేణువులు ఎక్కించారు. 2023లో 17 మంది ఫలితాలు వచ్చాయి. తెరుచుకున్న అడ్డు చాలావరకు గంటలోపే మళ్లీ మూసుకుంది. అది మొదటి దశ ట్రయల్, మోతాదు భద్రమేనా అని చూడటానికి చేసింది. ఎక్కువ కాలం బతుకుతారా అన్నదానికి పెద్ద ట్రయల్స్ కావాలి.

వార్డు_అక్క • గురువారం, ఉదయం 9:20

ట్రయల్ మాట వచ్చింది కాబట్టి. మన దేశంలో మనుషుల మీద చేసే కొత్త మందు ట్రయల్ ఏదైనా సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, 2009 నుంచి అది తప్పనిసరి. ఆ వెబ్‌సైట్ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, మన భాషలో రాసిన అంగీకార పత్రం ఇవ్వాలి. ప్రయోగంలో ఉన్న మందుకి పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. అనుమతి వచ్చేసిన మందే అంటారా, అప్పుడు పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు ఉన్న పెట్టె చూపించాలి. ఆ క్లినిక్ వాళ్లని ఈ రెంటిలో ఏదో అడుగు, తమ్ముడూ. ఫోన్లో కాదు, మెసేజ్‌లో రాతపూర్వకంగా.

గాజు_బీకరు • గురువారం, ఉదయం 9:45

అక్క చెప్పినదానికి ఒక్కటి జోడిస్తాను. పాలిమర్ నానో మందులు కొన్ని నిజంగానే వాడుకలో ఉన్నాయి. కొరియాలో పాక్లిటాక్సెల్‌ని పాలిమర్ మైసెల్‌లో, అంటే పాలిమర్ గొలుసులు గుమిగూడి చేసిన సూక్ష్మ బంతిలో, పెట్టిన జెనెక్సాల్-పీఎంని రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లకి ఇస్తున్నారు. నానో మందుల్ని ఎలా పరీక్షించాలో మన కేంద్ర ప్రభుత్వం కూడా 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి ఎవరైనా వేరే క్యాన్సర్ మందు చూపించి మెదడుకి కూడా ఇదే అంటే ఒప్పుకోవద్దు. రొమ్ము కణితికి చేరేది మెదడుకి చేరుతుందని కాదు.

తెనాలి_తమ్ముడు • శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ చేతులెత్తి దండం. నిన్న అక్క చెప్పినట్టే మెసేజ్ పెట్టాను, మందు పేరు, సీటీఆర్ఐ నంబరు అడుగుతూ. చూసినట్టు రెండు టిక్కులు వచ్చాయి. సాయంత్రం ఒకాయన ఫోన్ చేసి మీకు అన్నయ్య మీద ప్రేమ లేదా అన్నాడు. నా చేతులు వణికాయి. వదిన ఫోన్ తీసుకుని, పేరు చెప్పండి, అప్పుడు మాట్లాడదాం అంది. పెట్టేశాడు. పొలం బేరం వద్దని ఇవాళ చెప్పేశాం.

అమ్మ_జ్ఞాపకం అక్కా, మీరు చెప్పాక పాత రిపోర్టులు తీశాను. రెండో పేజీ అడుగున ఉంది, "ఎంజీఎంటీ ప్రమోటర్ మిథైలేటెడ్" అని. ఇది మంచిదా చెడ్డదా?

ఇవాళ 15వ రేడియేషన్ అయ్యింది, సగం అయినట్టు.

విశాఖ_న్యూరో • శుక్రవారం, రాత్రి 9:58

మంచి వార్తే. ఎంజీఎంటీ అనేది టెమోజోలమైడ్ చేసిన దెబ్బని బాగుచేసే ప్రోటీన్. మిథైలేటెడ్ అంటే కణితిలో ఆ జన్యువు మూతపడి ఉంది, మందు ఎక్కువ పనిచేసే అవకాశం ఉంది. 2005 నాటి ట్రయల్‌లో ఇలాంటివాళ్లలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లు మధ్యస్థంగా 15.3 నెలలు, టెమోజోలమైడ్ కూడా తీసుకున్నవాళ్లు 21.7 నెలలు బతికారు. రెండేళ్లు దాటినవాళ్లు దాదాపు సగం మంది. నయమైపోతుందని చెప్పలేను. కానీ మీ అన్నయ్య ఇప్పుడు తీసుకుంటున్న మందు ఆయనకి సరిపోయేదే. ఒక్క డోసు కూడా పోనివ్వకండి. వారం వారం రక్త పరీక్ష చేయించండి, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతే డాక్టర్‌కి వెంటనే చెప్పాలి.

వార్డు_అక్క • శుక్రవారం, రాత్రి 10:15

కాప్సూల్ ఖాళీ కడుపుతోనే వెయ్యండి, విప్పి నీళ్లలో కలపొద్దు. వాంతి మాత్ర అరగంట ముందు. ఆ ఫోన్‌లో అలా మాట్లాడినందుకు వదినకి నా మాటగా శభాష్ అని చెప్పు.

తెనాలి_తమ్ముడు • శుక్రవారం, రాత్రి 10:31

చెప్పాను అక్కా. పక్కనే ఉంది, ఏడుస్తోంది. అన్నయ్య నిద్రపోయాడు.